పెళ్లి ఖర్చుల షీటుతో గేమ్ ఈవెంట్ షాపులు: ఏ గడి పనికొస్తుంది, ఏది కొట్టేయాలి

గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్‌లో కొత్త క్యారెక్టర్ బ్యానర్ (కొన్నాళ్లే ఉండే లాటరీ లాంటి షాపు) తెరిస్తే ఒక విష్, అంటే ఒక డ్రా, ధర 160 ప్రిమోజెమ్స్ (గేమ్‌లోని డబ్బు). ఆ క్యారెక్టర్ ధర మాత్రం 28,800 దాకా పోవచ్చు. మొదటి అంకె బటన్ పక్కనే ఉంటుంది. రెండోది ఎక్కడా రాసి ఉండదు, మనమే గుణించుకోవాలి. పెళ్లి ఖర్చులు రాసిన చేతికి ఇది తెలియని విద్యేం కాదు. ప్లేటు ధర వినగానే ఎవరూ అడ్వాన్స్ ఇచ్చేయరు. ఎంతమంది వస్తారో లెక్కేసి, గుణించి, అప్పుడు బేరానికి కూర్చుంటారు. అదే మనిషి రాత్రిపూట ఫోన్‌లో పది విష్‌లు కొనేటప్పుడు ప్లేటు ధర దగ్గరే ఆగిపోతాడు.

ఈ రివ్యూలో చూస్తున్నది ఆ షీటునే. పెళ్లికి వేసే మామూలు ఖర్చుల పట్టికను నాలుగు రకాల ఈవెంట్ షాపుల మీద పెట్టి చూశాం: గెన్షిన్ బ్యానర్, గ్రాన్‌బ్లూ ఫాంటసీ స్పార్క్, ఏపెక్స్ లెజెండ్స్ కలెక్షన్ ఈవెంట్, పోకెమాన్ గో రెయిడ్లు. షీటు చాలావరకు బాగానే పనిచేస్తుంది. అందులో ఒక గడి మాత్రం గేమ్‌లోకి వస్తే జేబుకి చిల్లు పెడుతుంది. దాని సంగతి తర్వాత.

షీటులో ఆరు గడులు చాలు: ఏం కావాలి, విడి ధర, ఎన్ని, మొత్తం, చేతిలో ఉన్నది, ఆఖరి తేదీ. వీటన్నిటికీ పైన ఒక అంకె: ఇంతకు మించి పెట్టం. పెళ్లిలో ఆ అంకెను హాలు చూడకముందే రాస్తారు, ఎందుకంటే హాలు చూశాక రాసే అంకె హాలు చెప్పిన అంకె అవుతుంది. గేమ్‌లోనూ అంతే. ట్రైలర్ రాకముందు రాసుకోవాలి. క్యారెక్టర్‌ని ట్రయల్‌లో ఆడేశాక రాసిన బడ్జెట్‌ని లెక్కలోకి తీసుకోకండి.

'ఎన్ని' అన్న గడిలో చాలామంది ఆశ రాస్తారు. రాయాల్సింది గ్యారంటీ.

గెన్షిన్ బ్యానర్: షీటు బాగా అతికే చోటు

ఫైవ్ స్టార్, అంటే అన్నిటికన్నా అరుదైన రకం, వచ్చే అవకాశం ఒక్కో విష్‌కి 0.6 శాతం. 90వ విష్‌కి కచ్చితంగా వస్తుంది, దీన్నే హార్డ్ పిటీ అంటారు. వచ్చిన ఫైవ్ స్టార్ బ్యానర్ మీదున్న క్యారెక్టర్ కాకపోతే, అంటే ఫిఫ్టీ-ఫిఫ్టీ ఓడిపోతే, ఆ తర్వాతిది మాత్రం తప్పకుండా ఆ క్యారెక్టరే. కాబట్టి ఎంత దురదృష్టవంతుడికైనా 90 రెండుసార్లు, మొత్తం 180 విష్‌లు, 28,800 ప్రిమోజెమ్స్. 2024 ఆగస్టులో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి ఫిఫ్టీ-ఫిఫ్టీ గెలిచే అవకాశం కాస్త పెరిగింది, కానీ గరిష్ఠం మారలేదు. 70లలోకి వచ్చాక అవకాశం ఒక్కసారిగా పెరుగుతుందని ఆటగాళ్లందరికీ తెలుసు. తెలిసినా షీటులో 90 అనే రాయండి.

సగటు సంగతి? పిటీతో కలిపి కంపెనీ చెప్పే రేటు 1.6 శాతం, అంటే ఒక ఫైవ్ స్టార్‌కి సుమారు 62 విష్‌లు. ఫిఫ్టీ-ఫిఫ్టీ కూడా కలిపితే కావలసిన క్యారెక్టర్‌కి 94 దగ్గర, 15,000 ప్రిమోజెమ్స్ చిల్లర. గరిష్ఠంలో దాదాపు సగం. అందుకే ఈ అంకె ముద్దొస్తుంది, అందుకే ప్రమాదకరం. సగటు చూసుకుని దిగినవాళ్లలో చాలామంది ఫిఫ్టీ-ఫిఫ్టీ ఓడి, చేతిలో ఏమీ లేక, 'ఇంకొంచెమే కదా' అనే చోట ఇరుక్కుంటారు. షాపు ఎక్కువ సంపాదించేది అక్కడే.

ఒక లెక్క దగ్గర్నుంచి చూద్దాం. చేతిలో 9,600 ప్రిమోజెమ్స్, అంటే 60 విష్‌లు. హిస్టరీ తెరిస్తే ఆఖరి ఫైవ్ స్టార్ తర్వాత 20 విష్‌లు అయ్యాయి. ఇక ఎక్కువలో ఎక్కువ 70 విష్‌లకి ఫైవ్ స్టార్ ఖాయం.

కిందటిసారి ఫిఫ్టీ-ఫిఫ్టీ ఓడి ఉంటే గ్యారంటీ చేతిలో ఉన్నట్టే. 70 విష్‌లు, 11,200 ప్రిమోజెమ్స్. లోటు 1,600. బ్యానర్ 21 రోజులుంటుంది. రోజువారీ కమిషన్లకి (గేమ్ ఇచ్చే చిన్న పనులకి) వచ్చే 60 చొప్పున 1,260 అక్కడే వస్తుంది, మిగిలిన 340 ఆ వెర్షన్‌లో జరిగే ఏదో ఒక ఈవెంట్ ఇచ్చేస్తుంది. పైసా కట్టక్కర్లేదు.

గ్యారంటీ లేకపోతే? 70కి తోడు ఇంకో 90, మొత్తం 160 విష్‌లు, 25,600 ప్రిమోజెమ్స్. లోటు 16,000. అన్నిటికన్నా పెద్ద టాప్-అప్ ప్యాక్‌లో 6,480 క్రిస్టల్స్ (డబ్బుతో కొనేవి, ఒక్కోటి ఒక ప్రిమోజెమ్‌గా మారుతుంది), బోనస్ 1,600, వెరసి 8,080. రెండు కొంటే 16,160. పైన మిగిలేది సరిగ్గా ఒక్క విష్.

అదే చేతి సొమ్ము, అదే క్యారెక్టర్. ఒకరికి ఖర్చు సున్నా, ఇంకొకరికి రెండు పెద్ద ప్యాక్‌లు. తేడా అంతా హిస్టరీ పేజీలో ఉంది. చాలామంది ఆ పేజీ తెరవకుండానే టాప్-అప్ పేజీ తెరుస్తారు. ఒక జాగ్రత్త: హిస్టరీ వెంటనే అప్‌డేట్ కాదు, గంట దాకా ఆలస్యం అవుతుంది. ఇప్పుడే లాగిన విష్‌లు అందులో కనిపించకపోతే వాటిని చేత్తో కలుపుకోండి.

పిటీ లెక్క, గ్యారంటీ రెండూ ఒక క్యారెక్టర్ బ్యానర్ నుంచి తర్వాతి క్యారెక్టర్ బ్యానర్‌కి వెళ్తాయి. తేదీ మార్చుకున్నా అడ్వాన్స్ పోని హాలు లాంటిది. అందుకే గెన్షిన్‌లో సగంలో ఆగడం నష్టం కాదు. 'ఇప్పుడు ఆపితే ఇంతవరకు పెట్టింది దండగ' అని ఎవరన్నా అంటే అది తప్పు లెక్క.

ఆయుధాల బ్యానర్ దగ్గర ఈ సౌకర్యం సగమే. హార్డ్ పిటీ 80. 5.0 తర్వాత ఒక్క ఫేట్ పాయింట్ (కోరిన ఆయుధం కాక వేరేది వస్తే పడే పాయింట్) చాలు కాబట్టి కోరిన ఆయుధానికి గరిష్ఠం 160 విష్‌లు, 25,600. పిటీ ముందుకు వెళ్తుంది, ఫేట్ పాయింట్ మాత్రం బ్యానర్‌తోనే పోతుంది. కాబట్టి 160కి సరిపడా లేనివాళ్లు ఈ బ్యానర్‌ని ముట్టుకోకపోవడమే మేలు. క్యారెక్టర్‌తో పాటు ఆయుధం కూడా అనుకుంటే 54,400. పిలుపుల జాబితాలో ఇంకో ఇల్లు చేర్చినట్టుంటుంది కానీ ఖర్చు దాదాపు రెట్టింపు. ఇక కాన్‌స్టెలేషన్లన్నీ (అదే క్యారెక్టర్ మళ్లీ వస్తే తెరుచుకునే అదనపు శక్తులు) నింపాలంటే ఏడు కాపీలు, గరిష్ఠం 2,01,600. ఆ అంకెను ఒక్కసారి షీటులో రాసి చూడండి, సి6 (ఆరో కాన్‌స్టెలేషన్) మీద మోజు దానంతటదే తగ్గుతుంది.

గ్రాన్‌బ్లూ స్పార్క్: పూర్తిగా కట్టగలిగితేనే అడుగు పెట్టండి

ఇక్కడ పద్ధతి సూటిగా ఉంటుంది. ఒక డ్రాకి 300 క్రిస్టల్స్. 300 డ్రాలు అయ్యాక కావలసిన క్యారెక్టర్‌ని నేరుగా తీసుకోవచ్చు, దీన్నే స్పార్క్ అంటారు. మొత్తం 90,000 క్రిస్టల్స్. 2016 మొదట్లో ఒక క్యారెక్టర్ అవకాశాల మీద జపాన్‌లో పెద్ద గొడవ జరిగాక వచ్చిన ఏర్పాటు ఇది.

లెక్క ఇంత తేలిక కాబట్టి షీటు బాగా కుదరాలి. కానీ చిక్కంతా ఆఖరి తేదీ గడిలో ఉంది. ఒక్కో డ్రాకి పడే స్పార్క్ పాయింట్లు మామూలుగా బ్యానర్‌తోనే గడువు తీరిపోతాయి. 250 డ్రాలు చేసి ఆగితే, మధ్యలో వచ్చినవి తప్ప, స్పార్క్ పరంగా మిగిలేది ఏమీ లేదు. ఇది తిరిగిరాని అడ్వాన్స్. గెన్షిన్ అలవాటుతో 'కొంచెం లాగి చూద్దాం' అని వచ్చినవాళ్లు ఇక్కడే ఎక్కువగా నష్టపోతారు.

ఈ షాపుకి షీటులో ఒకే నియమం: చేతిలో 90,000 లేదా దానికి సమానమైన డ్రా టికెట్లు ఉంటే మొదలుపెట్టండి, లేకపోతే తర్వాతి దానికి దాచండి. ఈవెంట్ మధ్యలో లోటు పూడ్చుకుందాం అనే ప్లాన్ వేయొద్దు. అదృష్టం మీద ఆధారపడకుండా దాచుకునే ఓపిక ఉన్నవాళ్లకి నాలుగింటిలోనూ ఇదే నిజాయితీ గల షాపు అని మా అభిప్రాయం.

ఏపెక్స్ కలెక్షన్ ఈవెంట్: ప్యాకేజీ బేరం

సంప్రదాయ కలెక్షన్ ఈవెంట్‌లో 24 వస్తువులు, సగం లెజెండరీ (ఎక్కువ అరుదు), సగం ఎపిక్ (కాస్త తక్కువ అరుదు). ఒక ఈవెంట్ ప్యాక్ 700 కాయిన్స్, ప్రతి ప్యాక్‌లో ఈవెంట్ వస్తువు ఒకటి ఖాయం, వచ్చింది మళ్లీ రాదు. 24 పూర్తయితే హెయిర్‌లూమ్ అనే చాలా అరుదైన బహుమతి. 24ని 700తో గుణిస్తే 16,800. ఇందులో అదృష్టం పాత్ర లేదు. అన్నీ కావాలనుకున్నవాడికి ధర ముందే తెలిసిపోయింది. ఈ మధ్య ఈవెంట్ల రూపం మారుతూ వస్తోంది కాబట్టి వస్తువులెన్ని, చివర్లో ఇచ్చేదేంటి అన్నది ప్రతిసారీ చూసుకుని గుణించండి.

అదృష్టం ఆట మొదలయ్యేది ఒక్క స్కిన్ (క్యారెక్టర్ లేదా ఆయుధం వేషం) మాత్రమే కావాలనుకున్నప్పుడు. లెజెండరీ స్కిన్ నేరుగా కొంటే 1,800. ప్యాక్ 700 కదా, చవక అనిపిస్తుంది. 24లో ఏది ముందొస్తుందో సమానం అనుకుంటే, మొదటి ప్యాక్‌లో మనది వచ్చే అవకాశం 24లో ఒకటి. రెండు ప్యాక్‌లకి 1,400 ఖర్చు, అవకాశం 12లో ఒకటి. మూడో ప్యాక్‌తో 2,100 అవుతుంది, నేరు ధర దాటిపోయింది, అవకాశం ఇంకా ఎనిమిదిలో ఒకటే. సగటున కోరుకున్నది దొరికేది 12, 13 ప్యాక్‌ల దగ్గర, అంటే 8,750 కాయిన్స్. 1,800 స్కిన్‌కి! ఎపిక్ అయితే ఇంకా ఘోరం, దాని నేరు ధర 1,000 కాబట్టి రెండో ప్యాక్‌కే దాటిపోతాం.

షీటులో ఇక్కడ రెండు వరుసలే ఉండాలి: 'ఒకటి, నేరుగా' లేదా 'అన్నీ, 16,800'. మధ్యదారి నష్టాల దారి. 20 ప్యాక్‌ల దగ్గర ఆగినవాడు 14,000 పెట్టి హెయిర్‌లూమ్ లేకుండా బయటపడతాడు. నేరుగా కొనే దారి కూడా ఊరికే రాలేదు. 2019 ఆగస్టులో ఐరన్ క్రౌన్ ఈవెంట్‌లో లెజెండరీ స్కిన్లు ప్యాక్‌ల్లో తప్ప దొరకకుండా పెడితే, ఆటగాళ్లు గట్టిగా అడ్డం తిరిగాకే విడిగా అమ్మడం మొదలైంది.

పోకెమాన్ గో: షాపే గీత గీసిన చోటు

రెయిడ్ అంటే బలమైన పోకెమాన్ మీద నలుగురూ కలిసి చేసే పోరు. అందులో దూరం నుంచే చేరడానికి కావలసిన రిమోట్ రెయిడ్ పాస్ 2023 ఏప్రిల్‌లో 100 నుంచి 195 కాయిన్స్‌కి పెరిగింది, అప్పుడే రోజుకి ఐదు అనే పరిమితి కూడా వచ్చింది. గేమ్‌లోని జిమ్‌లలో పోకెమాన్‌ని కాపలా పెట్టి సంపాదించగలిగేది రోజుకి గరిష్ఠంగా 50 కాయిన్స్. అంటే ఒక్క రిమోట్ పాస్‌కి నాలుగు రోజుల జిమ్ సంపాదన. నడిచి వెళ్లి ఆడేవారికి రోజూ ఒక పాస్ ఉచితం.

ఇక్కడ 'ఎన్ని' గడి దానంతటదే నిండుతుంది: 2023లో పెట్టిన పరిమితి ప్రకారమైతే రోజుకి ఐదు, 975 కాయిన్స్, అంతే. కొన్ని ఈవెంట్లలో ఆ పరిమితిని సడలిస్తారు, జాగ్రత్త పడాల్సింది ఆ రోజుల్లోనే. టికెట్ ఈవెంట్లలో చూడాల్సింది ఇంకొకటి. టికెట్‌తో వచ్చే టైమ్డ్ రీసెర్చ్ (గడువున్న టాస్కులు) బహుమతులను గడువులోపు తీసుకోకపోతే పోతాయి. కొని, ఆడి, క్లెయిమ్ నొక్కడం మరిచిపోయేవాళ్లు ఉంటూనే ఉంటారు.

నెలవారీ కార్డు, బ్యాటిల్ పాస్

గెన్షిన్ వెల్కిన్ మూన్ కార్డు కొనగానే 300 క్రిస్టల్స్, ఆపైన 30 రోజులు రోజుకి 90 ప్రిమోజెమ్స్. మొత్తం 3,000, దాదాపు 19 విష్‌లు. ఆ షాపులో విష్‌కి పడే ధర అన్నిటికన్నా తక్కువ ఇక్కడే. షరతు ఒకటే, రోజూ లాగిన్ అవ్వాలి. తప్పిన రోజు 90 పోయినట్టే, కార్డు గడువు జరగదు. వారాంతాల్లో మాత్రమే ఆడేవారికి నెలలో ఎనిమిది రోజులకి 720, దానికి 300 కలిపితే 1,020. మూడో వంతు సరుకుకి పూర్తి ధర కట్టినట్టు.

బ్యాటిల్ పాస్‌ని, అంటే లెవెల్స్ దాటే కొద్దీ బహుమతులిచ్చే సీజన్ టికెట్‌ని, మొదటి రోజు కొనకండి. చాలా గేముల్లో పాస్ ఆలస్యంగా కొన్నా అప్పటిదాకా దాటిన లెవెల్స్ బహుమతులన్నీ ఒకేసారి వస్తాయి. కాబట్టి సీజన్ ఆఖరి వారంలో ఏ లెవెల్‌కి చేరామో చూసుకుని, సరిపోతే కొనండి. పని అయ్యాక బిల్లు కట్టడం లాంటిది, ఇంత మంచి షరతు పెళ్లిలో ఎవరూ ఇవ్వరు.

కొట్టేయాల్సిన గడి

పెళ్లి షీటు చివర పది శాతం అదనం పెట్టుకోవడం తెలివైన పని. వాన రావచ్చు, ఓ 20 మంది ఎక్కువ రావచ్చు, కరెంటు పోతే జనరేటర్ కావచ్చు. అవి ముందే లెక్కలో లేని ఖర్చులు.

గేమ్ ఈవెంట్‌లో అనుకోని ఖర్చు అంటూ లేదు. దురదృష్టం అంతా గరిష్ఠం అంకెలో ముందే ఉంది. 180 రాశాక 181వ విష్ అవసరం ఎక్కడిది? కాబట్టి ఇక్కడ పది శాతం అదనం అంటే ఖర్చుకి ఇచ్చిన పర్మిషన్ మాత్రమే, అది ఉంటే ఖర్చైపోతుంది. ఆ గడి కొట్టేయండి. రాబోయే బహుమతుల్ని ముందే జమ కట్టడం కూడా ఇలాంటిదే. 'వచ్చే ఈవెంట్‌లో ఎంతో కొంత ఇస్తారుగా' అని అంకె రాయొద్దు, చేతికి వచ్చాకే రాయండి. పైన వేసిన లెక్కలో 340 మాటేమిటంటారా? అందుకే అక్కడ కూడా 21 రోజులు ఆగి, ఆఖరి రోజున లాగాలి.

షీటు పూర్తిగా విఫలమయ్యే చోటు ఇంకొకటి ఉంది. పెళ్లి ఒకసారితో అయిపోతుంది, బ్యానర్లు ఆగవు. గెన్షిన్ వెర్షన్ 42 రోజులు, అందులో రెండు విడతలు. ఏడాదికి 17 దాకా విడతలు. ప్రతిదానికీ విడి బడ్జెట్ రాస్తే ఏడాదికి 17 పెళ్లిళ్లు చేసినట్టు. పై అంకెను ఏడాదికి ఒక్కసారే రాసి, ఎన్ని బ్యానర్లలో దిగాలో ఎంచుకుని, దాన్ని వాటికే పంచండి.

డబ్బు వెళ్లే దారి

గెన్షిన్‌లో డబ్బు ముందు జెనిసిస్ క్రిస్టల్స్ అవుతుంది, అవి ప్రిమోజెమ్స్, అవి ఫేట్స్ (విష్ టికెట్లు), ఫేట్స్ విష్‌లు. ప్రతి మెట్టు దగ్గరా అసలు ధర ఇంకొంచెం మసకబారుతుంది. ఇది నియంత్రణ సంస్థలూ ఎత్తిచూపినదే. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఈ గేమ్ కంపెనీతో 2 కోట్ల డాలర్ల పరిష్కారం కుదుర్చుకుంటూ, 16 ఏళ్ల లోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు (లోపల ఏముందో తెలియకుండా కొనేవి) అమ్మకూడదని, అవకాశాలు, మారకం రేట్లు చెప్పాలని షరతులు పెట్టింది. అదే ఏడాది మార్చిలో యూరప్ వినియోగదారుల రక్షణ ప్రభుత్వ సంస్థల బృందం, గేమ్ కరెన్సీ పక్కన నిజమైన డబ్బులో ధర చూపించాలని సూత్రాలు ప్రకటించింది. షీటులో ఈ పని మీరే చేసుకోవచ్చు: విడి ధర పక్కన డబ్బులో ఎంతో రాసే ఒక గడి.

క్రిస్టల్స్‌ని అవసరం పడేదాకా ప్రిమోజెమ్స్‌గా మార్చకండి. మార్చాక వెనక్కి రావు, క్యారెక్టర్ల డ్రెస్సులకి క్రిస్టల్సే కావాలి. మొదటి కొనుగోలుకి డబుల్ బోనస్ చూసి లోటుకి మించిన ప్యాక్ ఎత్తుకోకండి. 1,600 లోటుకి 12,960 క్రిస్టల్స్ కొనడం ఏ లెక్కనా ఆదా కాదు.

గూగుల్ ప్లేలో పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ కింద బడ్జెట్ పెట్టుకునే సౌకర్యం ఉంది. పెట్టుకోండి, కానీ అది హెచ్చరిస్తుంది తప్ప ఆపదు. నిజంగా ఆగాలంటే స్టోర్ ఖాతా నుంచి కార్డు తీసేసి, ఏడాది అంకెలోంచి ఆ ఈవెంట్ వాటాకి మాత్రమే గిఫ్ట్ కార్డు వేసుకోవాలి. బ్యాలెన్స్ అయిపోతే షాపు మూసినట్టే. పిల్లల చేతికి వెళ్లే ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ నుంచి ఇన్-యాప్ కొనుగోళ్లు ఆపేయండి. కొన్న తర్వాత బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగుదామనే ఆలోచన వద్దు. చాలా గేముల్లో దానికి ఖాతా బ్యాలెన్స్ మైనస్‌లోకి పోతుంది, లేదా ఖాతానే మూసేస్తారు.

ఆఖరి తేదీ గడిలో సర్వర్ టైమ్ రాయండి. బ్యానర్ ముగిసే గంట మీ గడియారంలో ఎప్పుడవుతుందో పక్కనే రాసి, దానికి ఒక రోజు ముందు అలారం పెట్టండి. ఆఖరి గంటలో తొందరపడి కొన్న ప్యాక్‌లే షీటులో ఎక్కకుండా మిగిలిపోతాయి.